తేనెటీగల భాష చదివిన పెద్దాయన

వృత్తిరీత్యా నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీరుని. రెండు కంప్యూటర్లు ఒకదానితో ఒకటి సరిగ్గా మాట్లాడుకునేలా చూడటమే నా ఉద్యోగం. ఇక్కణ్ణుంచి పంపిన కబురు అక్కడికి చేరిందా, చేరినా అర్థమయిందా అనే బెంగతోనే ఇరవై ఏళ్ళు గడిచిపోయాయి. అందుకే కాబోలు, చీకటి తేనెపట్టులో ఒక ఈగ మరో ఈగకి దారి చెబుతుందని, ఆ చెప్పే పద్ధతిని ఒక మనిషి కూడబలుక్కుని చదివాడని తెలిసినప్పుడు నాకు ఈగల మీద కన్నా ఆ మనిషి మీదే ఎక్కువ ఆసక్తి కలిగింది. ఆయన పేరు కార్ల్ ఫాన్ ఫ్రిష్. ఆస్ట్రియా దేశస్థుడు. 1973లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి పంచుకున్న ముగ్గురిలో ఒకరు.

మన కవుల గురించి, నాయకుల గురించి సావనీర్లలో రాసేవారు ఎలాగూ ఉంటారు. నేను ఈసారి ఈ పెద్దాయన కథ చెబుతాను. ఇందులో తేనె ఉంది, యుద్ధం ఉంది, ఇరవై ఏళ్ళపాటు నిలిచిన ఒక పొరపాటు కూడా ఉంది. నాకు ఆ పొరపాటే అన్నిటికన్నా ముఖ్యమనిపిస్తుంది.

చెరువుగట్టు ఇల్లు

ఫ్రిష్ 1886 నవంబరు 20న వియన్నా నగరంలో పుట్టారు. నలుగురు మగపిల్లల్లో ఆఖరివాడు. తండ్రి పేరున్న సర్జన్. తల్లి ఎక్స్‌నర్ వారి ఆడపడుచు. ఆ కుటుంబంలో ప్రొఫెసర్లకి కొదవ లేదు. మేనమామ సిగ్మండ్ ఎక్స్‌నర్ పురుగుల కన్ను ఎలా చూస్తుందో పరిశోధించి పెద్ద గ్రంథమే రాశారు. మేనమామ పోలిక అంటారు కదా, అది ఇక్కడ బాగానే కుదిరింది.

చిన్నప్పటి నుంచీ ఈ పిల్లవాడికి జంతువుల పిచ్చి. పక్షులు, చేపలు, కప్పలు, బల్లులు, పురుగులు అన్నీ కలిపి వందకు పైగా రకాలు పెంచాడు. ఒక చిన్న చిలుక ఏళ్ళ తరబడి భుజం దిగకుండా తిరిగింది. ఇల్లంతా కంపు చేస్తున్నావని తిట్టకుండా ఆ తల్లి ఎలా భరించిందో మరి!

ఆస్ట్రియాలో వోల్ఫ్‌గాంగ్ సరస్సు గట్టున బ్రున్‌వింకిల్ అనే చోట ఒక పాత పిండిమర ఇల్లు ఉండేది. దాన్ని ఫ్రిష్ తల్లిదండ్రులు కొని వేసవి విడిదిగా మార్చుకున్నారు. ఈ ఇంటిని గుర్తుపెట్టుకోండి. ఆయన జీవితంలోని పెద్ద మలుపు ఇక్కడే జరిగింది.

తండ్రి కోరిక మీద మొదట వైద్యం చదవడం మొదలుపెట్టారు. మనసు నిలవలేదు. మధ్యలో వదిలేసి మ్యూనిక్ వెళ్ళి, రిచర్డ్ హెర్ట్‌విగ్ అనే ప్రొఫెసరు దగ్గర జంతుశాస్త్రంలో చేరారు. కొడుకు డాక్టరు కావాలని తండ్రి, కానని కొడుకు: ఈ కథ మన ఇళ్ళల్లోనూ బాగా తెలిసినదే. 1910లో డాక్టరేటు వచ్చింది. ఆ తరువాత చేపల మీదా తేనెటీగల మీదా పని మొదలుపెట్టారు.

ఆ రోజుల్లో కార్ల్ ఫాన్ హెస్ అని మ్యూనిక్ కంటి ఆసుపత్రికి అధిపతి ఒకాయన ఉండేవారు. చేపలకీ వెన్నెముక లేని ప్రాణులన్నిటికీ రంగులు కనబడవని ఆయన తేల్చి చెప్పారు. అంత పెద్దమనిషి మాటకి ఎదురు చెప్పడం కుర్ర పరిశోధకుడికి మంచిది కాదు. కానీ ఫ్రిష్‌కి ఒక సందేహం. ఈగలకి రంగులే కనబడకపోతే పూలకి ఇన్ని రంగులు దేనికి?

ఆయన చేసిన ప్రయోగం మన పిల్లలు సైన్సు ఫెయిర్‌లో చేయగలిగినంత తేలిక. బల్ల మీద లేత నుంచి ముదురు దాకా రకరకాల బూడిదరంగు అట్టముక్కలు పరిచి, మధ్యలో ఒక్క నీలం ముక్క పెట్టారు. నీలం ముక్క మీది గిన్నెలో మాత్రమే పంచదార పాకం పోశారు. ఈగలు అలవాటు పడ్డాక అట్టముక్కల చోటు మార్చి, అన్నిటి మీదా ఖాళీ గిన్నెలు పెట్టారు. ఈగలు వచ్చి నీలం మీదే వాలాయి. రంగు కనబడని కంటికి నీలం కూడా ఏదో ఒక బూడిదరంగులాగే ఉండాలి కాబట్టి, ఈగలు రంగు చూస్తున్నట్టే లెక్క. అయితే ఎరుపు మాత్రం వాటికి తెలియడం లేదని కూడా ఆయనే తేల్చారు. 1914లో ఈ ఫలితాలు పుస్తకంగా వచ్చాయి.

అదే ఏడు మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. చూపు సరిగా లేదని ఫ్రిష్‌ని సైన్యంలోకి తీసుకోలేదు. అన్నగారు నడిపే వియన్నా ఆసుపత్రిలో సేవ చేశారు. అక్కడే నర్సుగా ఉన్న మార్గరెటే మోర్‌తో పరిచయమై, 1917లో పెళ్ళయింది.

రంగు చుక్కల లెక్క

1919 వసంతంలో మ్యూనిక్ జంతుశాస్త్ర సంస్థ పెరట్లో ఫ్రిష్ ఒక అద్దాల తేనెపెట్టె పెట్టుకుని కూర్చున్నారు. అందులో ఒకే పట్టు ఉంటుంది కాబట్టి రెండు వైపుల నుంచీ అంతా కనబడుతుంది. పాకం గిన్నె దగ్గరికి వచ్చిన కొన్ని ఈగల వీపు మీద ఎర్ర రంగు చుక్క పెట్టారు. గిన్నె ఖాళీ అయ్యాక ఈగలు రావడం మానేశాయి. మళ్ళీ నింపి, ఒక్క ఈగ వచ్చి తాగి వెళ్ళాక పెట్టెలోకి చూశారు. ఆ ఈగ పట్టు మీద గిరగిరా గిరికీలు కొడుతోంది! చుట్టూ ఉన్న ఈగలు మీసాలతో దాన్ని తడుముతూ వెనకే తిరిగి, ఒక్కొక్కటే బయటికి ఎగిరి గిన్నె దగ్గరికి వచ్చేశాయి. తన జీవితంలో ఇంత దూరం తీసుకుపోయిన దృశ్యం మరొకటి లేదని ఆయన తరువాత రాసుకున్నారు.

ఒక్కో ఈగనీ విడిగా గుర్తుపట్టాలంటే నంబరు కావాలి. ఆవగింజంత వీపు మీద అంకెలు రాయలేం. అందుకని తెలుపు, ఎరుపు, నీలం, పసుపు, ఆకుపచ్చ అనే ఐదు రంగుల చుక్కలతో ఒక పద్ధతి కనిపెట్టారు. చుక్క రంగేమిటి, ఒంటి మీద ఎక్కడ ఉంది అన్నదాన్ని బట్టి 599 వరకు నంబర్లు వేయవచ్చు. కంప్యూటర్లు పుట్టక ముందే ఇంత పొందికైన కోడింగు చేసిన మనిషిని చూస్తే నా వృత్తివాడే అనిపిస్తుంది.

ఏళ్ళ తరబడి చూసిన మీదట ఆయనకి రెండు రకాల నాట్యాలు కనిపించాయి. ఒకటి గిరికీల నాట్యం. రెండోది ఊపుల నాట్యం: ఈగ కడుపుభాగాన్ని ఇటూ అటూ ఊపుతూ కొంతదూరం తిన్నగా నడుస్తుంది, ఒక పక్క నుంచి తిరిగివచ్చి మళ్ళీ అదే గీత మీద ఊపుతూ నడుస్తుంది, ఈసారి రెండో పక్క నుంచి తిరిగివస్తుంది. మొత్తం చూస్తే 8 అంకె ఆకారం. మకరందం తెచ్చిన ఈగ గిరికీలు కొడుతుందని, పుప్పొడి తెచ్చిన ఈగ ఊపులు ఊపుతుందని ఫ్రిష్ తేల్చి, 1923లో తేనెటీగల భాష మీద తన గ్రంథం ప్రచురించారు. లోకం ఒప్పుకుంది. పేరొచ్చింది. రోస్టాక్, బ్రెస్లౌ విశ్వవిద్యాలయాల్లో పనిచేసి, 1925లో తన గురువు కుర్చీలోకే మ్యూనిక్ తిరిగివచ్చారు. అమెరికా రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ ఇచ్చిన డబ్బుతో 1932లో అక్కడ కొత్త పరిశోధనా భవనం కూడా లేచింది.

అంతా బాగానే ఉంది. కానీ ఆ సిద్ధాంతం తప్పు.

జబ్బుపడ్డ ఈగలు కాపాడిన మనిషి

తప్పు సంగతి తరువాత చెబుతాను. ముందు ఆ మనిషి మీదికి వచ్చిన గండం గురించి చెప్పాలి.

1933లో నాజీలు అధికారంలోకి వచ్చాక జర్మనీలో ప్రభుత్వోద్యోగులందరూ తాత ముత్తాతల వివరాలు చూపించుకోవాల్సి వచ్చింది. ఫ్రిష్ అమ్మమ్మ యూదు సంతతి ఆవిడ అని బయటపడింది. యూదు సహాయకులనీ స్త్రీలనీ తన సంస్థలో పనిలో ఉంచుకుంటాడని అప్పటికే ఆయన మీద ఫిర్యాదులు ఉన్నాయి. 1941 జనవరిలో ఉత్తరం వచ్చింది: మీరు నాలుగోవంతు యూదు, పదవి వదలాలి అని దాని సారాంశం. అప్పటికి ఆయన వయసు 54. ముప్ఫై ఏళ్ళ పరిశోధనకి అమ్మమ్మ పుట్టుక అడ్డం పడింది.

ఆ సమయంలోనే నొసీమా అనే జబ్బు జర్మనీ తేనెటీగల మీద పడింది. పేగుల్లో చేరే సూక్ష్మపరాన్నజీవి వల్ల వచ్చే రోగం ఇది. లక్షల కొద్దీ తేనెపెట్టెలు నాశనమయ్యాయి. యుద్ధకాలం. ఈగలు లేకపోతే తేనె మాట అలా ఉంచి, పండ్లతోటలు కాయవు, నూనెగింజలు పండవు. ఈగల గురించి ఫ్రిష్ కన్నా తెలిసినవాడు దేశంలో లేడు. తోటి శాస్త్రజ్ఞులు, స్నేహితులు అర్జీల మీద అర్జీలు పెట్టారు. చివరికి ఆయన తొలగింపుని యుద్ధం అయ్యేవరకు వాయిదా వేశారు. రద్దు కాలేదు, వాయిదా మాత్రమే!

ఫ్రిష్ ప్రభుత్వాన్ని ఎదిరించిన వీరుడని నేను చెప్పను. తన పని దేశపు తిండికి ఎంత అవసరమో చూపించి బతికి బయటపడ్డారు. అదే కాలంలో వేలాదిమందికి చూపించుకోడానికి ఈగలు లేవు. ఆ మాట చెప్పకుండా ఈ కథ చెప్పడం సబబు కాదు.

1943లో రష్యా యుద్ధరంగంలో గాయపడి వచ్చిన ఒక యువ సైనికుడు, వైద్యుడి సలహా మీద మ్యూనిక్‌లో ఫ్రిష్ ఉపన్యాసానికి వెళ్ళాడు. ఎటు చూసినా విధ్వంసమే ఉన్న రోజుల్లో ఆ గంటసేపు వేరే లోకం కనిపించింది. అతడి పేరు మార్టిన్ లిండావర్. తరువాత ఫ్రిష్ శిష్యుల్లో అంతటివాడు లేడనిపించుకున్నాడు.

ఇరవై ఏళ్ళ తప్పు

1944 జులైలో మ్యూనిక్ మీద పడిన బాంబులకి పరిశోధనా సంస్థా పోయింది, ఆయన ఇల్లూ పోయింది. మిగిలినవాళ్ళని వెంటబెట్టుకుని బ్రున్‌వింకిల్ పాత పిండిమర ఇంటికి చేరారు. అక్కడ సహచర శాస్త్రజ్ఞురాలు రూత్ బాయిట్లర్ వంటివారితో కలిసి, వాసన చూపించి ఈగలని కావలసిన పంట మీదికి పంపే పనిలో పడ్డారు. దూరంగా పెట్టిన గిన్నెకి అలవాటుపడ్డ ఈగలు నాట్యం చేస్తే, కొత్త ఈగలు దగ్గర వెతకకుండా దూరంగా వెళ్ళి వెతుకుతున్నాయి. ఇదెలా? దూరం సంగతి వాటికి ఎవరు చెప్పారు?

ఫ్రిష్ తన పాత ప్రయోగాలు తవ్వుకుని చూసుకున్నారు. అప్పట్లో పాకం గిన్నె ఎప్పుడూ పెట్టె పక్కనే పెట్టేవారు, చూడటానికి వీలుగా ఉంటుందని. పుప్పొడి తెచ్చే ఈగలు మాత్రం దూరపు పొలాల్లోని పూల నుంచి వచ్చేవి. అంటే ఆయన చూసిన తేడా మకరందానికీ పుప్పొడికీ మధ్య కాదు, దగ్గరకీ దూరానికీ మధ్య! పాకం గిన్నెని దూరం జరిపితే ఆ పాకం ఈగలే ఊపుల నాట్యం చేశాయి. రెండు విషయాలు ఒకేసారి మారినప్పుడు అసలు కారణం దేనిదో తెలియదని ఇంజనీరింగు మొదటి ఏడాది లాబ్‌లోనే మాకు చెప్పేవారు. అదే ఆయనకి ఇరవై ఏళ్ళు కనబడలేదు.

యాభై ఎనిమిదో ఏట, ఇల్లు కూలి, ఉద్యోగం గాలిలో వేలాడుతుండగా, తనకి పేరు తెచ్చిన సిద్ధాంతం తప్పని తానే రుజువు చేసుకున్నారు. ఆ తప్పుని ఒప్పుకోవడం వల్లనే అసలు భాష బయటపడింది. 1945 వేసవికి, యుద్ధం ముగిసిన కొద్ది వారాల్లోనే, దిశ రహస్యం కూడా విడిపోయింది.

అది ఇలా పనిచేస్తుంది. తేనెపట్టు నిలువుగా వేలాడుతుంది, లోపల చీకటి. సూర్యుడు కనబడడు. అందుకని ఈగ పైదిక్కునే సూర్యుడనుకుంటుంది. ఊపుతూ తిన్నగా పైకి నడిస్తే సూర్యుడి వైపే వెళ్ళమని అర్థం. కిందికి నడిస్తే సూర్యుణ్ణి వెనక పెట్టుకుని వెళ్ళమని. నిలువు గీతకి 40 డిగ్రీలు కుడికి నడిస్తే, సూర్యుడికి 40 డిగ్రీలు కుడివైపు వెళ్ళాలి. ఊపే సమయం ఎంత ఎక్కువైతే దూరం అంత ఎక్కువ. పదిహేను సెకన్లలో 100 మీటర్ల దూరానికి తొమ్మిది పది చుట్లు, కిలోమీటరుకి నాలుగైదు, ఆరు కిలోమీటర్లకి రెండే. మనం కాలేజీలో చదువుకున్న కోణం, దూరం లెక్కే ఇది. ఒంటికి అంటిన పూల వాసన ఏ పువ్వో చెబుతుంది. పాకం ఎంత చిక్కగా ఉంటే నాట్యం అంత హుషారుగా ఉంటుంది. దారిలో కొండ అడ్డొచ్చి చుట్టు తిరిగి వెళ్ళాల్సి వస్తే, దిశ మాత్రం కొండకి అడ్డంగా తిన్నగా చూపిస్తుంది, దూరం మాత్రం చుట్టు తిరిగినదే చెబుతుంది. మబ్బు పట్టినా నీలాకాశం ముక్క ఒకటి కనిపిస్తే చాలు, అక్కడి కాంతి తీరుని బట్టి సూర్యుడు ఎక్కడున్నాడో పసిగడుతుందని కూడా కొద్ది ఏళ్ళకే ఫ్రిష్ కనుగొన్నారు.

నమ్మినవారు, నమ్మనివారు

1949లో ఆయన అమెరికా వచ్చి కార్నెల్ తదితర విశ్వవిద్యాలయాల్లో ఉపన్యాసాలు ఇచ్చారు. అవి మరుసటి ఏడు పుస్తకంగా వచ్చాయి. శిష్యుడు లిండావర్ 1950 దశకంలో సింహళానికి వెళ్ళి, మన వైపు కూడా కనిపించే ఈగలని పరిశీలించాడు. పొదల కొమ్మలకి చిన్న పట్టు పెట్టే చిన్న తేనెటీగ, పట్టు పైభాగంలో బల్లపరుపు చోట ఎండలోనే నాట్యం చేస్తుంది. దానికి పైదిక్కుని సూర్యుడిగా ఊహించుకునే అవసరమే లేదు, వెళ్ళాల్సిన వైపు తిన్నగా వేలు చూపినట్టు చూపిస్తుంది. మన ఊళ్ళల్లో పొగబెట్టి తేనె పిండుకున్న పట్టుల మీద ఇంత కథ నడుస్తోందని మనకి ఎవరు చెప్పారు!

అందరూ ఒప్పుకోలేదు. 1967లో అమెరికాలో ఏడ్రియన్ వెన్నర్ అనే శాస్త్రజ్ఞుడు, ఈగలు వాసన పట్టుకునే వెళుతున్నాయి, నాట్యం చదవడం లేదు అని వాదించారు. ముసలితనంలో ఫ్రిష్‌ని ఆ వాదం బాగా నొప్పించింది. అయినా 1973లో కోన్రాడ్ లోరెంజ్, నికో టిన్‌బెర్గెన్‌లతో కలిపి ఆయనకి నోబెల్ ఇచ్చారు. 1982 జూన్ 12న, 95 ఏళ్ళ వయసులో, మ్యూనిక్‌లో కన్నుమూశారు.

ఆయన పోయాక కూడా లెక్క సరిదిద్దడం ఆగలేదు. 2005లో ఇంగ్లండు శాస్త్రజ్ఞులు ఈగల వీపుకి చిన్న యాంటెనాలు అంటించి రాడార్‌తో వెంబడించారు. నాట్యం చూసిన ఈగలు చెప్పిన దిక్కుకే, చెప్పినంత దూరమే ఎగిరాయి. చివరి కొద్ది దూరంలో గిన్నె వెతుక్కోవడానికి వాసన కావాలి. అంటే వెన్నర్ మాటలో కూడా కొంత నిజముంది. ఈగ తాను ఖర్చుపెట్టిన శక్తిని బట్టి దూరం కొలుస్తుందని ఫ్రిష్ నమ్మారు. అదీ తప్పని తేలింది. బెంగుళూరులో ఎలక్ట్రికల్ ఇంజనీరింగు చదివి ఆస్ట్రేలియాలో స్థిరపడిన మండ్యం శ్రీనివాసన్, 2000లో సహచరులతో కలిసి ఈగలని గోడల మీద గళ్ళు ఉన్న సన్నని సొరంగంలోంచి పంపారు. కొద్ది మీటర్లే ఎగిరిన ఈగ సుమారు 200 మీటర్లు వెళ్ళొచ్చానని నాట్యంలో చెప్పింది. కంటి ముందు నుంచి దృశ్యం మొత్తం ఎంత జారిపోయిందో చూసి దూరం కడుతుందన్నమాట. ఒక ఇంజనీరు ఈగల ఓడోమీటరు విప్పి చూపించాడంటే నాకు కొంచెం గర్వంగానే ఉంటుంది.

ఇక 2023లో చైనా, అమెరికా శాస్త్రజ్ఞులు కలిసి ప్రచురించిన ఒక ప్రయోగం గురించి చెప్పి ముగిస్తాను. పెద్ద ఈగలు ఒక్కటీ లేకుండా, ఒకే వయసు పిల్ల ఈగలతో కొన్ని పట్టులు తయారుచేశారు. వాటికి నాట్యం పుట్టుకతోనే వచ్చు, మొదలుపెట్టాయి కూడా. కానీ చూసి నేర్చుకోడానికి అనుభవమున్న ఈగ లేదు. నాట్యం చిందరవందరగా వచ్చింది. దిశలో వచ్చిన తప్పులు అనుభవం మీద తగ్గాయి. దూరంలో వచ్చిన తప్పు మాత్రం బతికినన్నాళ్ళూ పోలేదు. పెద్దల నాట్యం వెంట తిరిగే అవకాశం దొరికిన ఈగలకి ఆ ఇబ్బంది రాలేదు.

ఈగల ప్రయోగాన్ని మన పిల్లలకి అంటగట్టడం శాస్త్రం కాదని నాకు తెలుసు. ఫ్రిష్ అయితే అసలు ఒప్పుకునేవారు కాదు, ముందు ప్రయోగం చేసి చూడమనేవారు. అయినా శనివారం పొద్దున్న తెలుగు బడికి పిల్లల్ని దింపేటప్పుడు ఆ పరిశోధన నాకు గుర్తుకొస్తుంది. బడిలో అక్షరాలు వస్తాయి. ఇంట్లో పెద్దవాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం వినబడితే తప్ప రానివి కొన్ని ఉంటాయనిపిస్తుంది. ఈ మూడు రోజుల మహాసభల్లో బాబాయిలు, పిన్నులు, తాతయ్యలు హాలు బయట నిలబడి గంటల తరబడి కబుర్లు చెప్పుకుంటుంటే, కార్యక్రమాలు చూడకుండా ఇదేమిటని విసుక్కోకండి. మీ పిల్లల్ని కూడా ఆ గుంపు దగ్గరికి తీసుకెళ్ళండి. కాసేపు వెనకే తిరగనివ్వండి.